పగటి ఎండను దాచిపెట్టే పనితనం

కార్తీకమాసంలో కోడి కూయకముందే చెరువు స్నానానికి వెళ్లినవాళ్లకు ఈ సంగతి తెలుసు. కట్ట మీద నడుస్తుంటే చలికి పళ్లు టకటక కొట్టుకుంటాయి. నీళ్లలోకి దిగే రాయి మీద అడుగు వేస్తే అరికాలు జివ్వుమంటుంది. ఆ తర్వాతి అడుగు నీళ్లలో పడగానే గోరువెచ్చన! మెడదాకా మునిగితే గొంగడి కప్పుకున్నట్టే ఉంటుంది. అవే నీళ్లు మధ్యాహ్నం దూకిన పిల్లలకు చల్లగా తగిలి ఉంటాయి.

రాత్రిపూట నీళ్లేమీ వేడెక్కవు. ఒకటి రెండు డిగ్రీలు చల్లబడతాయి కూడా. గాలి మాత్రం పగటితో పోలిస్తే పది డిగ్రీలకు పైగా దిగిపోతుంది. మన ఒంటికి అంకెలు తెలియవు. వేడి ఎంత వేగంగా వస్తున్నదో, ఎంత వేగంగా పోతున్నదో అంతవరకే చర్మానికి తెలుస్తుంది. ఎండలో మాడి వచ్చిన ఒంటికి చల్లగా తోచిన నీరే, చలిగాలిలో వణికి వచ్చిన ఒంటికి వెచ్చగా తోస్తుంది.

ఇంతవరకు ఒంటి సంగతి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది చెరువు సంగతి. దిగే రాయి, నీరు రెండూ ఒకే ఎండను తాగాయి కదా, రాయి ఎందుకు చల్లబడింది? రాయిలోకి, నేలలోకి ఒక పగటి వేడి జానెడు లోతుకు మించి పెద్దగా దిగదు. పైపైన ఉన్నది రాత్రి కాగానే ఆకాశంలోకి పోతుంది. నీళ్లలోకైతే వెలుగు లోపలిదాకా దిగుతుంది, గాలి ఆ వేడిని కలిపి సర్దుతుంది. పైగా ఒక ఘనమీటరు నీరు ఒక్క డిగ్రీ చల్లబడితే వచ్చే వేడి, మూడు వేల ఘనమీటర్లకు మించిన గాలిని ఒక డిగ్రీ వేడెక్కించగలదు. రాత్రి పైపొర చల్లబడి బరువెక్కి కిందికి జారుతుంది, దాని చోటికి ఆ కిందనే ఉన్న వెచ్చని నీరు వస్తుంది. పగలు ఈదేటప్పుడు కాళ్లకు తగిలే చల్లని పొర రాత్రి తగలకపోవడానికి కారణం ఈ కలయికే.

అయితే ఇదంతా జరగాలంటే నీళ్లకు తగినంత లోతు ఉండాలి. పళ్లెంలో పోసిన నీరు ఎండకు త్వరగా కాగుతుంది, చీకటి పడగానే చల్లారుతుంది. మన మెట్ట నేలలో లోతు దానంతట అది రాలేదు, చేతులతో కట్టుకున్నది.

కొండపాక పెద్ద నదేదీ పారని మెట్ట మీది ఊరు. కాకతీయుల కాలపు రుద్రేశ్వరాలయం ఉన్న ఊరు. ఇటువంటి చోట వానను పట్టి ఉంచడమే వ్యవసాయం. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువులో చేరేలా గొలుసుకట్టుగా చెరువులు కట్టారు. కట్ట దగ్గర కాసేపు ఆగి చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. మట్టిని పలుచగా పరిచి, తడిపి, తొక్కించి, ఆ పైన మరో పొర వేస్తూ లేపారు. నీళ్ల వైపు వాలుగా రాళ్లు పేర్చారు. పాత కట్టల్లో ఆ రాళ్ల మధ్య సున్నం ఉండదు. అది లోపం కాదు, తెలివి. చెరువు తగ్గినప్పుడు కట్టలో ఇంకిన నీరు ఆ సందుల గుండా మెల్లగా బయటికి వస్తుంది. సందులు మూసేస్తే ఆ నీరే వెనుక నుంచి తోసి రాళ్లను పెకలిస్తుంది. అల వచ్చి కొట్టినా ఆ సందుల్లోనే దాని జోరు విరిగిపోతుంది. ఇక పాత తూము: రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు, వాటి చిల్లుల గుండా అడుగుదాకా దిగే కొయ్య, కొయ్య కొసన రంధ్రాన్ని మూసే బిరడా. కొయ్యను ఎంత లేపితే అంత నీరు. నీరటి చేతిలో కొలత ఉండేది.

ఇది ఊరికే చేతి అలవాటుతో వచ్చిన విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో లెక్కపెట్టారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెక్కించారు. అంగాల్లో ఒకటి చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండటం. దోషాల్లో ఒకటి చెరువు నడుమ మిట్ట ఉండటం. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు కట్టినవాళ్ల మీద గౌరవం రెట్టింపవుతుంది. వాళ్లు లోతు కోరింది పంటకే, కానీ ఆ లోతులో ఎండ కూడా నిలవ ఉండిపోయింది.

పూడిక పేరుకున్న చెరువు ఈ గుణాన్నీ పోగొట్టుకుంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో తీసిన ఒండ్రు మట్టి పొలాలకు చేరింది, చెరువులకు పోయిన లోతు కొంత తిరిగివచ్చింది. ఇప్పుడు తొగుట, కొండపాక మండలాల ఊళ్లను ముంచి 50 టీఎంసీలు పట్టే మల్లన్నసాగర్ జలాశయం నిలిచింది. అంత నీరు ఎంత ఎండను దాచగలదో ఊహించుకోవచ్చు. ఊరు పోయినవాళ్ల బాధ పక్కన పెట్టి మాత్రం ఆ లెక్క వేయడం నాకు చేతకాదు. నాకు మనసొప్పే కొలత ఊరి చెరువే.

స్నానం ముగించి గట్టెక్కగానే వణుకు మొదలవుతుంది. ఒంటి మీది తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, దానికి గాలి తోడవుతుంది. అందుకే దీపాన్ని అరటిదొప్పలో వదిలాక కూడా కొందరు పైకి రారు. అది మెల్లగా నడిమికి పోయేదాకా మెడలోతు నీళ్లలోనే నిలబడి చూస్తుంటారు.