బాలల హక్కులూ వ్యాపార సూత్రాలూ : విత్తన పత్తి చేల వెలుగులో ఒక పరిశీలన

2012 మార్చి 12న యూనిసెఫ్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, సేవ్ ద చిల్డ్రన్ అనే మూడు సంస్థలు కలిసి లండన్‌లో "బాలల హక్కులు, వ్యాపార సూత్రాలు" అనే పత్రాన్ని వెలువరించాయి. పరిమాణంలో చిన్నదే గాని ఈ పత్రం ఉద్దేశించిన పని పెద్దది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక గాని, 2005లో సనా నగరంలో ఇస్లామీ దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక గాని రాజ్యాలను ఉద్దేశించి మాట్లాడుతాయి. పిల్లవాని పట్ల వ్యాపార సంస్థకు గల బాధ్యత ఏమిటన్న ప్రశ్నకు అవి సూటిగా జవాబు చెప్పవు. ఆ లోటును పూరించడానికి చేసిన ప్రయత్నమే ఈ పది సూత్రాలు. నేడు పెద్ద కంపెనీలు ఏటేటా ప్రకటించే సుస్థిరతా నివేదికలలో బాలలను గురించిన అధ్యాయానికి చాలా చోట్ల మూలం ఇదే.

పత్రంలోని గుణాలను ముందుగా ఒప్పుకోవాలి. వ్యాపారమూ బాలలూ అనగానే బాల కార్మికుడొక్కడే కంటికి ఆనే కాలంలో, ఈ సూత్రాలు పిల్లవాణ్ణి నాలుగు వైపుల నుంచీ చూశాయి. అతడు పనివాడు కావచ్చు, వినియోగదారుడు కావచ్చు, పనివాని బిడ్డ కావచ్చు, కర్మాగారం పక్కన కాపురమున్న కుటుంబంలో వాడు కావచ్చు. రెండవ సూత్రం బాల కార్మిక నిర్మూలనకు సంబంధించింది. అయిదవది పిల్లల చేతికి వచ్చే వస్తువుల భద్రతనూ, ఆరవది ప్రకటనలనూ, ఏడవది భూసేకరణనూ పర్యావరణాన్నీ ముట్టుకొంటాయి. వీటన్నింటిలోకి లోతైనది మూడవ సూత్రం. యువ కార్మికులకే గాక తల్లిదండ్రులకూ పోషకులకూ గౌరవప్రదమైన పని ఉండాలని అది చెబుతుంది. తండ్రి కూలి గిట్టనిచోట బిడ్డ బడికి పోడన్న సత్యం ఒక అంతర్జాతీయ వ్యాపార పత్రంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు.

చిక్కు మరొక చోట ఉంది. ఈ పత్రం సంస్థల బాధ్యతను రెండుగా విభజించింది. బాలల హక్కులను గౌరవించడం తప్పనిసరి కనీస ధర్మం. వాటికి తోడ్పడడం ఐచ్ఛికం. తర్కానికి ఈ విభజన సరిగానే కనిపిస్తుంది. ఆచరణలోకి వచ్చేసరికి వీటి నడుమ ఒక ఖాళీ మిగిలిపోతుంది. సరఫరాదారుకు సంస్థ చెల్లించే ధర ఏ కోవలోకి వస్తుంది? అది గౌరవమా, తోడ్పాటా? సరఫరాదారులపై బాలల హక్కులకు భంగం కలిగించే ఒత్తిడి తేరాదన్న హెచ్చరిక పత్రంలో లేకపోలేదు. అయితే అది ఒక మాటగా వచ్చి ఒక మాటగానే పోయింది. ధర అనే పదం చుట్టూ తిరిగే వాదమంతా ఆ మాటలో ఇమిడి ఉన్నదని పత్రకర్తలు గుర్తించినట్లు లేదు.

దీనిని తేల్చడానికి తెలుగు పాఠకుడు దూరం పోనక్కరలేదు. కర్నూలు, నంద్యాల ప్రాంతాలూ, కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అలంపురం ప్రాంతాలూ మూడు దశాబ్దాలకు పైగా సీడ్ పత్తికి ప్రసిద్ధి. వాణిజ్య సాగుకు వచ్చిన మొట్టమొదటి సంకర పత్తి రకం హెచ్-4ను 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో రూపొందించారు. సంకర విత్తనాన్ని ప్రతి ఏడూ కొత్తగా తయారు చేయవలసిందే. ఆ తయారీ యంత్రంతో అయ్యేది కాదు. రేపు విచ్చుకొనే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తించి, దానిలోని కేసరాలను వేలితో తొలగించాలి. మరునాటి ఉదయం మగ మొక్క పువ్వును తెచ్చి, ఆ పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. దీనినే రైతులు క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క పువ్వుకూ ఇదే వరుస. రెండు మూడు నెలల పాటు ఒక్క రోజూ నాగా లేకుండా ఇది సాగాలి. తప్పిపోయిన పువ్వు స్వపరాగ సంపర్కంతో కాయగా మారితే విత్తనం శుద్ధి చెడుతుంది. కనుక మామూలు పత్తి చేనుకంటే ఎన్నో రెట్లు చేతులు కావాలి. సాగు ఖర్చులో పెద్ద భాగం కూలీదే.

ఆ చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. పంట వేయకముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి, సీజను పొడుగునా పిల్లను కట్టివేసే పద్ధతి అక్కడ పాతుకొని పోయింది. పిల్లల వేళ్లు సున్నితమైనవనీ, మొక్క ఎత్తుకు వారే తగినవారనీ చెప్పే సమర్థన ఒకటి ఉండేది. అదే పనిని అదే చేలలో వయోజన స్త్రీలు చేసి చూపించిన తరువాత ఆ సమర్థనలో పస ఏమీ మిగలలేదు. అసలు కారణం తక్కువ కూలి, ఎక్కువ గంటలు, ఎదురు చెప్పని స్వభావం.

కంపెనీకి ఈ పిల్లతో నేరుగా సంబంధం ఉండదు. కంపెనీ ఫౌండేషన్ సీడ్ ఇస్తుంది. ఆర్గనైజరు దానిని రైతులకు పంచి, పెట్టుబడికి అప్పు ఇచ్చి, పంటను కంపెనీకి చేరుస్తాడు. రైతు కూలీలను పెట్టుకొంటాడు. ఈ గొలుసులో కంపెనీ తన ఇష్ట ప్రకారం నిర్ణయించగలవి ముఖ్యంగా రెండు, విత్తనం నాణ్యతా, సేకరణ ధరా. నాణ్యత విషయంలో చేనుదాకా మనుషులను పంపి, పువ్వు పువ్వునూ పరీక్షించగల సంస్థ, చేనులో ఉన్న పిల్లల సంగతి తనకు తెలియదని చెప్పడం ఎవరికీ నమ్మశక్యం కాలేదు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం ఈ గొలుసును బయట పెట్టినప్పుడు ఐరోపాలో కలకలం రేగింది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చుతున్న మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఒత్తిడీ దానికి తోడైంది. ఆ సంస్థ సిద్ధాంతం నిష్కర్షయైనది. బడి బయట ఉన్న బిడ్డ ఏ పని చేస్తున్నా చేయకున్నా బాల కార్మికుని కిందనే లెక్క. లండన్ పత్రంలోని జాగ్రత్త మాటల కంటే, దానికి ఇరవై ఏళ్ల ముందు ఒక జిల్లాలో రూపొందిన ఈ నిర్వచనం చాలా స్పష్టమైనదని చెప్పక తప్పదు.

కంపెనీలకు రావలసిన మెప్పును కాదనరాదు. 1986 నాటి బాల కార్మిక చట్టం వ్యవసాయ కూలిని మొత్తంగా నిషేధించలేదు. చట్టం అడగని దానిని ఒప్పందం ద్వారా ఒప్పుకొన్న కంపెనీలు కొన్ని ఉన్నాయి. జర్మనీకి చెందిన బాయర్ సంస్థ పిల్లలను పెట్టుకోని రైతులకు సేకరణ ధరపై 5 శాతం అదనంగా చెల్లించింది. నిబంధన తప్పిన వారిపై చర్య తీసికొన్నది. చేలను ముందు చెప్పకుండా తనిఖీ చేయించింది. ఆ సంస్థతో ఒప్పందమున్న చేలలో పిల్లల సంఖ్య గణనీయంగా తగ్గింది.

అయినా 5 శాతం లెక్కను కొంచెం నిదానంగా చూడాలి. సాగు ఖర్చులో కూలి సగమనుకొందాం. పెద్దల కూలి పిల్లల కూలి కంటే 20 శాతం ఎక్కువనుకొందాం. పిల్లలకు బదులు పెద్దలను పెట్టుకొన్న రైతుకు మొత్తం ఖర్చు 10 శాతం పెరుగుతుంది. ధరా ఖర్చూ దాదాపు సమానంగా ఉండే చిన్న రైతుకు 5 శాతం అదనపు ధర అందులో సగాన్నే పూడుస్తుంది. మిగిలిన సగం అతడే భరించాలి, లేదా తన ఇంటి పిల్లలను చేలో దించాలి. జరిగింది చాలా వరకు రెండవదే. పెద్ద కమతాల నుంచి చిన్న కమతాలకు సాగు జరిగినకొద్దీ, కూలికి వచ్చిన పిల్ల స్థానంలో సొంత పిల్ల కనిపించసాగింది.

2015లో వెలువడిన మరొక అధ్యయనం దేశమంతటి లెక్కను ఇచ్చింది. సీడ్ పత్తి చేలలో 18 ఏళ్ల లోపు వారు దాదాపు 5 లక్షల మంది. అందులో 14 ఏళ్లు నిండని వారు సుమారు 2 లక్షలు. మొత్తం కూలీలలో పిల్లల నిష్పత్తి తగ్గింది. సాగు విస్తీర్ణం పెరిగినందున పిల్లల సంఖ్య మాత్రం 2010 నాటి కంటే దాదాపు లక్ష పెరిగింది. సుస్థిరతా నివేదికల బలహీనత అంతా ఈ రెండు వాక్యాల నడుమ ఉన్నది. ప్రతి సంస్థా తన చేలలోని నిష్పత్తిని చెబుతుంది, ఆ నిష్పత్తి నిజంగానే తగ్గుతుంది. పంట మొత్తంలోని సంఖ్యకు జవాబుదారీ ఎవరూ లేరు. ఒక కంపెనీ కఠినంగా ఉంటే సాగు మరొక కంపెనీ కిందికో, మరొక రాష్ట్రానికో పోతుంది.

2016లో జరిగిన చట్ట సవరణ 14 ఏళ్ల లోపు పిల్లల పనిని అన్ని రంగాలలోనూ నిషేధించింది. మరుసటి సంవత్సరం జూన్‌లో భారతదేశం అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒడంబడికలను ధ్రువీకరించింది. కాని ఆ సవరణలోనే, బడి వేళల తరువాతా సెలవులలోనూ కుటుంబ వృత్తిలో సహాయపడవచ్చునన్న మినహాయింపు ఉన్నది. కాగితం మీద ఇది మెత్తగా ఉంటుంది. క్రాసింగ్‌లో పుప్పొడి అద్దే పని జరిగేది ఉదయం పూట. పువ్వు బడి గంట కోసం ఆగదు. సొంత చేలో సహాయమనే పేరుతో ఆ మూడు నెలలూ బడి మానిన పిల్ల పేరు హాజరు పట్టీలో ఉండనే ఉంటుంది. కంపెనీ నివేదికలో ఆమె బడిలో చేరిన బాలిక.

భారత సెక్యూరిటీస్ ఎక్స్చేంజ్ బోర్డు 2021లో ప్రవేశపెట్టి, 2022-23 నుంచి అగ్రశ్రేణి 1000 నమోదిత కంపెనీలకు తప్పనిసరి చేసిన వ్యాపార బాధ్యతా సుస్థిరతా నివేదిక నమూనా ఇందుకు మరో ఉదాహరణ. అందులో అయిదవ సూత్రం మానవ హక్కులది. బాల కార్మికులపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయని అది అడుగుతుంది. కంపెనీ ప్లాంట్లలోనూ కార్యాలయాలలోనూ ఎంత శాతం తనిఖీ జరిగిందని అడుగుతుంది. ప్లాంటులో పత్తి పూయదు. సరఫరా గొలుసులోని వారిని తనిఖీ చేసిన శాతం అనే ప్రశ్న ఉన్నది గాని, అది ఐచ్ఛిక భాగంలో ఉన్నది. పదేళ్ల పిల్ల కంపెనీకి ఫిర్యాదు వ్రాస్తుందని నమూనా తయారు చేసినవారు అనుకొని ఉండరు. అయినా గడిలో సున్నా వేసినప్పుడు అది సుపరిపాలనకు నిదర్శనంగా అచ్చవుతుంది. షేర్ మార్కెట్‌లో నమోదు కాని విత్తన సంస్థలకు ఈ నియమం వర్తించనే వర్తించదు.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను సంగతి ఇంకా విచిత్రం. సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని అది ఆదేశిస్తుంది. మామూలు వ్యాపార వ్యవహారంలో భాగమైన ఖర్చు దాని కిందికి రాదని నియమావళి చెబుతుంది. అంటే గ్రామంలో బడికి గదులు కట్టించిన సొమ్ము సామాజిక బాధ్యత అవుతుంది. ఆ గ్రామంలోని రైతుకు పెద్దల కూలి గిట్టేటట్లు చెల్లించిన ధర కాదు. చట్టం ఉద్దేశం అది కాకపోవచ్చు. ఫలితం మాత్రం అదే, బడి కట్టించడం తేలిక, ధర పెంచడం కష్టం.

ఇతర దేశాల అనుభవం దీనికి భిన్నంగా లేదు. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు బంతులు కుట్టిన పాకిస్తాన్‌లోని సియాల్కోట్‌లో 1996 నాటి సర్వే 7 వేలకు పైగా పిల్లలు కుట్టుపనిలో ఉన్నట్లు తేల్చింది. 1997 ఫిబ్రవరిలో కుదిరిన అట్లాంటా ఒప్పందం ప్రకారం, ఇళ్లలో జరిగే కుట్టుపనిని తనిఖీకి వీలైన కేంద్రాలకు తరలించారు. పిల్లలు చాలావరకు తప్పుకొన్నారు. వారితో పాటు, గడప దాటి కేంద్రానికి పోలేని వేలాది తల్లుల సంపాదనా తప్పిపోయింది. ఆ తరువాత స్త్రీల కోసం వేరే కేంద్రాలు తెరిచారు గాని, పోయినదంతా తిరిగి రాలేదు. తనిఖీ చేసేవానికి అనుకూలమైన స్థలం, తల్లికి అనుకూలమైన స్థలం ఒకటి కావన్న ఆలోచన ఒప్పందం వ్రాసిన నాడు ఎవరికీ తట్టలేదు. 2006 నవంబరులో నైకీ సంస్థ అక్కడి తన ప్రధాన సరఫరాదారుతో సంబంధం తెంచుకొన్నది. తెంచుకోవడానికి చూపిన కారణాలు నిజమే కావచ్చు. దానివల్ల పని పోయినది మాత్రం తప్పు చేసినవారికి కాదు, కుట్టేవారికి. అంతకు ముందే, 1992లో అమెరికా కాంగ్రెసులో హార్కిన్ బిల్లు వచ్చిన భయంతో బంగ్లాదేశ్ దుస్తుల కర్మాగారాలు దాదాపు 50 వేల మంది పిల్లలను బయటికి పంపివేశాయి. వారిలో అనేకులు అంతకంటె హీనమైన పనులలో తేలారు. 1995లో జరిగిన ఢాకా ఒప్పందం దానికి ఆలస్యంగా చేసిన చికిత్స.

ఈ చరిత్ర అంతా చేతిలో ఉండగా 2012 పత్రం దాని నుంచి కొంతే నేర్చుకొన్నది. పిల్లవాని శ్రేయస్సు చూడకుండా పని నుంచి తీసివేయరాదన్న పాఠం అందులో ఉన్నది. 2013లో బాలల హక్కుల సంఘం వెలువరించిన 16వ సాధారణ వ్యాఖ్య రాజ్యాల బాధ్యతను ఇంకా గట్టిగా చెప్పింది. 2024లో ఐరోపా సమాఖ్య పెద్ద కంపెనీలు తమ సరఫరా గొలుసులను పరిశీలించుకోవాలని శాసనం చేసింది. మరుసటి ఏడాదే దాని అమలును 2028కి వాయిదా వేసింది. ఈ వాయిదాకు చూపిన కారణం కంపెనీల మీద పడే నివేదికల భారం.

నివేదికల భారమే బాధ అయితే, దానిని తగ్గించే ఉపాయం ఒకటి ఉన్నది. విత్తన కంపెనీ తన నివేదికలో బాలలను గురించి పుటలకొద్దీ వ్రాయనక్కరలేదు. ఆ సీజనులో రైతుకు చెల్లించిన సేకరణ ధర ఎంత, ఆ ఊళ్లో క్రాసింగ్ చేసే వయోజన స్త్రీ రోజు కూలి ఎంత, ఈ రెండు అంకెలను పక్క పక్కన అచ్చు వేస్తే చాలు. పది సూత్రాలలో ఏ ఒక్కటీ దీనిని అడగలేదు.