విద్యుత్ సంస్థల షేర్ల గత ధరలు: పట్టికను పాఠంగా చదవడం

వ్యాససంగ్రహం

షేర్ల గత ధరల పట్టిక చూపుకు వట్టి అంకెల సముదాయం. నిజానికి అది ఒక పద్ధతి ప్రకారం సవరణకు లోనైన పాఠం. ఆ సవరణను గుర్తించకుండా చదివితే లాభం నష్టంగానూ, నష్టం లాభంగానూ కనిపిస్తుంది. పాఠపరిష్కరణలో విమర్శకులు వేసుకునే ప్రశ్నలనే ఈ పట్టికలకూ వేయవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు నేలతో సంబంధమున్న మూడు విద్యుత్ సంస్థలు, అంటే రిలయన్స్ పవర్, ఎన్‌టీపీసీ, ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్, ఇందుకు ఉదాహరణలు. వాణిజ్య పుటల తెలుగు పరిభాష కలిగించే సందిగ్ధతలను కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: గత ధరలు, పాఠాంతరం, సవరించిన ధర, బోనస్ షేర్లు, ముఖవిలువ, వాణిజ్య పరిభాష.

1. ఉపోద్ఘాతం

రంగారెడ్డి జిల్లా కందుకూరు ప్రాంతంలో భూమి గురించి మాట్లాడే ప్రతి ఇంటికీ ఒక గత ధరల పట్టిక నోటిమీదనే ఉంటుంది. ఫలానా ఏడు ఎకరం ఎంత పలికింది, రోడ్డు వెడల్పయ్యాక ఎంతయింది, ఫార్మాసిటీ పేరు వినిపించాక ఎంతకు చేరింది అన్న లెక్క అక్కడి పెద్దలకు కంఠస్థం. ఆ లెక్కలో వారు పొరబడరు. ఎకరం భూమిని ప్లాట్లు చేసినప్పుడు ధర గజాల్లోకి మారుతుంది. ఎకరానికి 4840 గజాలు. ఎకరం కోట్లలో పలికిన చోట గజం వేలల్లో పలికితే భూమి ధర పడిపోయిందని ఎవరూ అనుకోరు. కొలమానం మారిందని అందరికీ తెలుసు.

ఫార్మాసిటీ కోసం కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో భూసేకరణ జరిగింది. పరిహారంగానో అమ్మకంగానో చేతికి వచ్చిన సొమ్మును ఎక్కడ నిలపాలన్నది ఇటువంటి చోట్ల కుటుంబాల భవిష్యత్తును నిర్ణయించే ప్రశ్న. ఆ సొమ్ములో కొంత షేర్లవైపు మళ్ళినప్పుడు చదువరి ముందుకు వచ్చే మొదటి పత్రం గత ధరల పట్టిక. భూమి విషయంలో సహజంగా పనిచేసే వివేకం ఇక్కడ పనిచేయాలంటే, ఆ పట్టిక ఎలా తయారైందో తెలియాలి.

2. మూలపాఠం, సవరించిన పాఠం

1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పండితులచేత వాటిని సరిపోల్చి చూపించాడు. ఒకే పద్యానికి అనేక పాఠాలు ఉన్నప్పుడు ఏది ఏ ప్రతిలోనిది, మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నవి పరిష్కర్త ముందున్న ప్రశ్నలు. షేరు ధరకు కూడా కనీసం రెండు పాఠాలు ఉంటాయి. ఆ రోజున మార్కెట్లో నిజంగా పలికిన ధర మూలపాఠం. తరువాత జరిగిన ముఖవిలువ విభజన, బోనస్ షేర్ల జారీ వంటి వాటిని లెక్కలోకి తీసుకుని పాత ధరను తగ్గించి రాసినది సవరించిన పాఠం.

హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006 నవంబరులో షేరుకు 240 రూపాయల చొప్పున ప్రజలకు షేర్లు జారీ చేసింది. అనంతరం 10 రూపాయల ముఖవిలువ ఉన్న షేరును 1 రూపాయి షేర్లుగా విభజించింది. ఒక షేరు పది షేర్లయింది. కనుక నేటి సవరించిన లెక్కలో ఆ 240 రూపాయలు 24 రూపాయలకు సమానం. విభజన తరువాత ఒక రోజున 40 రూపాయల ధర కనిపించిందని అనుకుందాం. మూలపాఠాన్ని మాత్రమే చూసినవారికి పెట్టుబడిలో ఆరింట అయిదు వంతులు పోయినట్టు తోస్తుంది. వాస్తవంలో అది మూడింట రెండు వంతుల లాభం. ఎకరం, గజం తేడా వంటిదే ఇది.

సవరించిన పాఠమే ఎల్లప్పుడూ శ్రేష్ఠమని చెప్పడానికీ వీల్లేదు. రిలయన్స్ పవర్ ఉదాహరణ ఇందుకు తార్కాణం. 2008 జనవరిలో ఆ సంస్థ షేరును 450 రూపాయలకు, చిన్న మదుపరులకు 20 రూపాయల తగ్గింపుతో 430 రూపాయలకు జారీ చేసింది. ఫిబ్రవరి 11న మార్కెట్లో నమోదైనప్పుడు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో 547.80 వద్ద మొదలై 372.50 వద్ద ముగిసింది. నష్టపోయినవారికి ఊరటగా ప్రతి 5 షేర్లకు 3 బోనస్ షేర్లను సంస్థ ఇచ్చింది. 5 షేర్లు 8 అయ్యాయి కనుక సవరించిన పట్టికలో 372.50 కాస్తా 232.81 అవుతుంది. చిన్న మదుపరి చెల్లించిన 430 రూపాయలు 268.75 అవుతాయి. అయితే ఈ బోనస్ ప్రమోటర్లకు వర్తించలేదు. సవరించిన పట్టిక మాత్రం ప్రతి షేరుకూ బోనస్ అందినట్టే పాత ధరలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుంది. అందరి అనుభవం ఒకటి కాకపోయినా, పాఠం అందరికీ ఒకటే అయింది.

3. పట్టికలో చోటులేని విషయాలు

పై ఉదాహరణలోనే మరొక లోపం ఉంది. పట్టిక ఫిబ్రవరి 11తో మొదలవుతుంది. దరఖాస్తు చేసినవారు చెల్లించిన 450, 430 రూపాయలు అందులో ఎక్కడా ఉండవు. అసలు కథ మొదలైన చోటు గ్రంథానికి బయట ఉండిపోయింది.

ధర ఎందుకు మారిందన్నదీ పట్టిక చెప్పదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో తలపెట్టిన భారీ విద్యుత్ కేంద్రం 2007లో యూనిట్‌కు సుమారు 2.33 రూపాయల ధరతో రిలయన్స్ పవర్‌కు దక్కింది. ఇండోనేషియా బొగ్గుపై ఆధారపడిన ఆ ప్రణాళిక, అక్కడి ప్రభుత్వం బొగ్గు ఎగుమతి ధరల నిబంధనలను మార్చడంతో చిక్కుల్లో పడింది. ఆ కేంద్రం నిర్మాణానికి నోచుకోలేదు. విద్యుత్ సంస్థ ధరను చదవడమంటే దాని ఇంధనాన్ని, విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను, అనుమతులను కలిపి చదవడం. పట్టిక ఒక్కటే చదివితే వ్యాఖ్యానం లేని శ్లోకాన్ని వల్లించినట్టే.

రామగుండం, సింహాద్రి కేంద్రాలతో తెలుగువారికి చిరపరిచితమైన ఎన్‌టీపీసీ వేరొక పాఠం నేర్పుతుంది. 2004లో ఆ సంస్థ షేరును 62 రూపాయలకు ప్రజలకు జారీ చేసింది. 2015లో ప్రతి షేరుకూ 12.50 రూపాయల విలువగల బోనస్ డిబెంచరును వాటాదారులకు ఉచితంగా ఇచ్చింది. ఏటేటా చెల్లించే డివిడెండ్లు సరేసరి. ధరను మాత్రమే చూపే పట్టికలో ఈ రాబడి కనిపించదు. ఎక్కువ డివిడెండ్ ఇచ్చే సంస్థను, అసలు ఇవ్వని సంస్థను ధర ఆధారంగానే పోల్చితే మొదటిదానికి అన్యాయం జరుగుతుంది.

4. ప్రయోజనాన్ని బట్టి పాఠనిర్ణయం

ఏ పాఠం సరైనదన్న ప్రశ్నకు సమాధానం చదువరి ప్రయోజనంపై ఆధారపడి ఉంటుంది. ఛందస్సును పరిశీలించేవారికి, భాషాచరిత్రను పరిశీలించేవారికి ఒకే ప్రతి సరిపోకపోవచ్చు. పెట్టుబడి పెరిగిందా తరిగిందా అని తెలుసుకోవడానికి సవరించిన ధర కావాలి. ఆదాయపు పన్ను లెక్కకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులు కావచ్చు.

2018 ఆర్థిక చట్టం షేర్లపై దీర్ఘకాలిక మూలధన లాభానికి పన్ను విధిస్తూ, అంతకుముందు కొన్నవారికి ఒక రక్షణ కల్పించింది. 2018 జనవరి 31న మార్కెట్లో నమోదైన గరిష్ఠ ధర, అమ్మకపు ధర, ఈ రెండింటిలో తక్కువదాన్ని మొదట తీసుకోవాలి. దాన్ని అసలు కొనుగోలు ధరతో పోల్చి, ఎక్కువదాన్ని ఖర్చుగా చూపుకోవచ్చు. ఎన్‌టీపీసీ 2019 మార్చిలో ప్రతి 5 షేర్లకు 1 బోనస్ షేరు ఇచ్చింది. ఆ తేదీ తరువాత వచ్చిన బోనస్ షేరుకు కొనుగోలు ఖర్చు సున్నా. పాత షేరుకు మాత్రం జనవరి 31 నాటి అసలు ధర పూర్తిగా వర్తిస్తుంది. సవరించిన పట్టికలో ఆ ధర ఆరింట అయిదు వంతులకు తగ్గి ఉంటుంది. ఉదాహరణకు 120 రూపాయల ధర 100గా కనిపిస్తుంది. దాన్నే ఖర్చుగా రాసుకున్నవారు, అంతకన్నా ఎక్కువకు షేరును అమ్మినప్పుడు, లేని లాభానికి పన్ను కడతారు. ముఖవిలువ విభజన అయితే ఖర్చు కొత్త షేర్లన్నిటికీ సమంగా పంపిణీ అవుతుంది. బోనస్, విభజన పట్టికలో ఒకే తీరున కనిపించినా చట్టం దృష్టిలో ఒకటి కావు.

5. లుప్తమైన పాఠాలు

కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రంలో 2009లో గ్యాసు ఉత్పత్తి మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గ్యాసు ఆధారిత విద్యుత్ కేంద్రాలపై ఆశలు పెరిగాయి. కొద్ది ఏళ్ళలోనే ఉత్పత్తి క్షీణించి, ల్యాంకో కొండపల్లి విస్తరణ వంటివి ఇంధనం లేక ఇబ్బంది పడ్డాయి. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యలకు ఎంపిక చేసిన తొలి 12 భారీ రుణఖాతాల్లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018 ఆగస్టులో సంస్థ లిక్విడేషన్‌కు ఆదేశం వెలువడింది. దివాలా చట్టం ప్రకారం ఆస్తుల పంపిణీలో సాధారణ వాటాదారుల వంతు అందరికన్నా చివరిది.

ఈనాడు విద్యుత్ రంగపు షేర్లు ఇరవై ఏళ్ళలో ఎంత పెరిగాయో చూడదలచినవారు నేడు మార్కెట్లో ఉన్న సంస్థల జాబితా నుంచే మొదలుపెడతారు. ఆ జాబితాలో ల్యాంకో ఉండదు. నిలిచిన కావ్యాలతోనే రాసిన సాహిత్యచరిత్ర లుప్తకావ్యాలను మరచినట్టు, నిలిచిన సంస్థలతోనే చేసిన సగటు ఆ రంగపు నష్టాన్ని దాచిపెడుతుంది. మూతపడిన సంస్థ పట్టికలో చివరి వరుస తరువాతి ఖాళీయే అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం.

6. వాణిజ్య పుటల పరిభాష

తెలుగు పత్రికల భాష ఈ పఠనానికి తోడ్పడవలసినంతగా తోడ్పడటం లేదు. ‘చారిత్రక’ అన్న విశేషణం గతానికి సంబంధించినదన్న అర్థంలోనూ, మునుపెన్నడూ లేని ఘనత అన్న అర్థంలోనూ వాడుకలో ఉంది. ‘చారిత్రక ధర’ అంటే పాత ధరా, రికార్డు ధరా అన్నది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ‘గత ధర’, ‘జీవితకాల గరిష్ఠ ధర’ అనే విడి మాటలు ఈ చిక్కును తీరుస్తాయి. అట్లాగే ముఖవిలువను చిన్న భాగాలు చేయడానికీ, ఒక వ్యాపారాన్ని వేరే సంస్థగా చేయడానికీ ‘విభజన’ అనే ఒకే మాట వాడుతున్నారు. మొదటిదానిలో వాటాదారుకు అదే సంస్థలో ఎక్కువ షేర్లు వస్తాయి. రెండవదానిలో వేరే సంస్థ షేర్లు వస్తాయి. ‘ముఖవిలువ విభజన’, ‘వ్యాపార విభజన’ అని పూర్తిగా రాస్తే సరిపోతుంది.

ధర ‘దూసుకెళ్ళడం’, ‘కుప్పకూలడం’, సంపద ‘ఆవిరి కావడం’ వంటి క్రియలు కదలికను కళ్ళకు కడతాయి గాని కారణాన్ని చెప్పవు. బోనస్ లేదా విభజన అమలైన రోజున ధర తగ్గడం కూలిపోవడం కాదు. ఆ వాక్యంలోనే కారణం ఉండటం విలేకరి బాధ్యత.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• గత ధరల పట్టికను వాడేముందు అది మూలపాఠమా, సవరించిన పాఠమా అన్నది నిర్ధారించుకోవాలి. సవరణ దేనికి చేశారో కూడా తెలుసుకోవాలి.

• జారీ ధర, డివిడెండ్లు, డిబెంచర్లు ధరల పట్టికకు వెలుపల ఉంటాయి. వాటిని కలపనిదే రాబడి లెక్క పూర్తికాదు.

• లాభనష్టాల అంచనాకు పనికివచ్చే పాఠం పన్ను లెక్కకు పనికిరాకపోవచ్చు.

• మూతపడిన సంస్థలను విడిచిపెట్టి ఒక రంగపు గతాన్ని అంచనా వేయరాదు.

• గత ధర జరిగినదానికి సాక్ష్యం మాత్రమే. ఇంధనం, ఒప్పందాలు, అప్పులు మారినప్పుడు ఆ సాక్ష్యం రేపటికి చెల్లదు.

భూమి ధరను కొలమానంతో, కారణంతో కలిపి చదవగల వివేకం కందుకూరు వంటి చోట్ల ఇప్పటికే ఉంది. దాన్ని షేర్ల పట్టికలకూ విస్తరింపజేయడానికి కావలసిన పరిభాషను, పఠన పద్ధతిని తెలుగులో సిద్ధం చేయడం తెలుగు శాఖలూ వాణిజ్యశాస్త్ర శాఖలూ కలిసి చేపట్టదగిన పని.