ఏడుపొక్కటే మా పాట కాదు

ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న వయొలిన్ బాణీ తెలియని పాతతరం తెలుగువాళ్లు అరుదు. కడప స్టేషన్ పట్టిన ప్రతి రేడియోలోనూ అది మోగింది. కోసిగిలోనూ మోగింది. శివరంజని ఛాయలున్న ఆ బాణీ కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. ఆయన చెకోస్లొవేకియా నుంచి వచ్చిన యూదు. హిట్లర్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1934లో బొంబాయిలో దిగాడు. కొద్ది నెలల్లోనే బొంబాయి ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టాడు. అందులో వయొలిన్ వాయించిన మెహ్లీ మెహతా పార్సీ. ఆకాశవాణి బాణీలోని వయొలిన్ కూడా ఆయనదేనంటారు. ఒక యూదు కాందిశీకుడు కడితే ఒక పార్సీ వాయించిన బాణీతో ఈ దేశం దశాబ్దాల పాటు నిద్ర లేచింది. 'జాతీయ సంస్కృతి' పేరుతో మమ్మల్ని పరాయివాళ్ల పద్దులో రాసేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

కౌఫ్‌మన్ తప్పించుకున్నాడు. తప్పించుకోలేనివాళ్ల సంగీతం ఇప్పుడు ప్రపంచమంతటా స్మృతి కచేరీలలో వినిపిస్తోంది. ఆష్‌విట్జ్ విముక్తి పొందిన జనవరి 27ను హోలోకాస్ట్ స్మారక దినంగా జరపాలని 2005లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. ఈ సంగీతం గురించి ముస్లిం మాట్లాడబోతే రెండు వైపులనుంచీ ప్రశ్నలొస్తాయి. 'పాలస్తీనాను చూస్తూ కూడా యూదుల కోసం ఏడుస్తావా?' అని మనవాళ్లు అడుగుతారు. 'మీవాళ్లు హోలోకాస్ట్ గురించి నోరెత్తరేం?' అని అవతలివాళ్లు నిలదీస్తారు. రెండోది ప్రశ్న కూడా కాదు, మాకు బాగా అలవాటైన విధేయతా పరీక్ష.

నా జవాబు సూటిగానే ఉంది. 60 లక్షల మంది యూదులను చంపింది నాజీ జర్మనీ, పాలస్తీనా రైతు కాదు. 1948లో ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న ఏడు లక్షల మంది పాలస్తీనియన్ల దుఃఖం ఆ చావులను చెరిపెయ్యదు. ఆ చావులు ఈ దుఃఖానికి రసీదూ కావు. పీడితుల శవాలను తక్కెట్లో వేసి తూచే పని పీడకులది. మనకెందుకది?

ఇక సంగీతం దగ్గరికి వస్తాను. గిడియన్ క్లైన్ రాసిన ఒక చిన్న రచన ఉంది. వయొలిన్, వయోలా, చెల్లో - మూడే వాద్యాలు. మొత్తం పావుగంట కూడా పట్టదు. క్లైన్ మొరేవియా ప్రాంతంవాడు. 1941 డిసెంబర్‌లో అతన్ని టెరెజిన్ నిర్బంధ పట్టణానికి తరలించారు. అక్కడే 1944 అక్టోబర్ 7న ఈ రచన ముగించాడు. తొమ్మిది రోజులకు, అక్టోబర్ 16న, ఆష్‌విట్జ్ రైలెక్కించారు. 1945 జనవరిలో మరో క్యాంపులో చనిపోయాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు.

ఛాంబర్ మ్యూజిక్ అంటే గదిలో వాయించే సంగీతం. బెత్తం పట్టుకుని నడిపే కండక్టరుండడు. ముగ్గురో నలుగురో ఒకరినొకరు వింటూ వాయించాలి. మజ్లిస్‌లో సోజ్ విన్నవాళ్లకు ఇది వింతేమీ కాదు. అక్కడా ఒక గొంతు ఎత్తుకుంటే మిగతా గొంతులు శ్రుతి పట్టి దాన్ని మోస్తాయి.

చావు ముంగిట రాసింది కదా, మర్సియాలా ఉంటుందనుకుని వింటే క్లైన్ ఆశాభంగం కలిగిస్తాడు. మొదటి భాగం చిందేస్తూ వస్తుంది. మూడోది పరుగు. మధ్యది నెమ్మది నడక, అన్నిటికన్నా పెద్దది. అందులో మొరేవియా జానపద బాణీ ఒకటి తీసుకుని రకరకాలుగా తిప్పాడు. ఒకసారి నిమ్మళంగా, ఒకసారి దబాయిస్తూ, ఒకసారి గొంతు పూడుకుపోయినట్టు. తన సీమ పల్లెల పాటను మధ్యలో కూచోబెట్టుకుని, దానికి అటూ ఇటూ జీవితాన్ని కాపలా పెట్టాడు. ఇది బతకాలనుకున్నవాడి సంగీతం. తన సంస్మరణ కోసం తానే రాసుకున్నది కాదు.

స్మృతి కచేరీ మీద నా అభ్యంతరం ఇక్కడే. అక్కడ శ్రోత ముగింపు తెలుసుకుని వస్తాడు. ప్రతి స్వరంలోనూ విషవాయువు వాసనే వెతుకుతాడు. మొదటి భాగపు చిందు అతనికి వినపడదు. మూడో భాగపు పరుగు అతన్ని ఇబ్బంది పెడుతుంది. నాజీలు మనిషిని చంపారు. మనం జాలితో అతనిలోని కళాకారుణ్ణి పక్కన పెట్టి, బాధితుణ్ణి మాత్రమే వేదికెక్కిస్తున్నాం.

టెరెజిన్‌లో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధులు వస్తున్నారని నాజీలు ఊరికి రంగులు వేశారు. హాన్స్ క్రాసా స్వరపరిచిన పిల్లల సంగీత నాటకం 'బ్రుండిబార్' ఆడించి చూపించారు. వచ్చినవాళ్లు చూసి వెళ్లారు. ఆ శరత్కాలంలోనే రైళ్లు బయల్దేరాయి. క్రాసా కూడా అక్టోబర్ 16 రైల్లోనే పోయాడు. పాడనిచ్చినంత మాత్రాన బతకనిచ్చినట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమక్కర్లేదు. మన దగ్గర జరిగినవన్నీ హోలోకాస్టేనని నేననను. ప్రతి దెబ్బకూ ఆ మాట వాడితే దాని బరువు పోతుంది. కానీ 'మీ ఖవ్వాలీ అంటే మాకెంత ఇష్టమో, మీ బిర్యానీ అంటే మాకెంత ఇష్టమో' అంటూనే అద్దెకు ఇల్లివ్వని సెక్యులర్ మిత్రులు ఈ రంగుల గోడల కథ గుర్తుంచుకోవాలి.

మరి చనిపోయినవాళ్లను ఎలా తలుచుకోవాలి? మా సీమ దగ్గర ఒక జవాబుంది. 680లో కర్బలాలో చనిపోయిన హుసేన్‌ను సుగ్గికి పోయి బతికే ఈ జనం పీర్ల పండగలో తెలుగులో పాడుకుంటారు. బోయలుంటారు, మాదిగలుంటారు, దూదేకులవాళ్లుంటారు. గుండం చుట్టూ తప్పెట మీద అడుగేస్తారు. ఇది ఇస్లాం కాదని ఒక మౌల్వీ అంటాడు, ఇది మాది కాదని ఇంకో స్వామీజీ అంటాడు. నాకు మాత్రం ఇందులో రెండు విషయాలు కనిపిస్తాయి. దుఃఖించడానికి చచ్చినవాడి కులమో మతమో అయ్యుండక్కర్లేదు. దుఃఖంలోనూ కాళ్లు ఆడొచ్చు. క్లైన్ సంగీతం అడుగుతున్నదీ ఇదే.

ఇంకో దుఃఖం ఇక్కడికి దగ్గరలోనే ఉంది. కోసిగికి ఉత్తరాన తుంగభద్ర దాటితే రాయచూరు. 1948 సెప్టెంబర్ దాకా అది నిజాం రాజ్యం. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. గుల్బర్గా, బీదర్, నాందేడ్, ఉస్మానాబాద్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయంది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. రజాకార్ల దౌర్జన్యాల మీద మనకు పాటలున్నాయి, ఉండాలి కూడా. ఈ చావుల పాట ఎవరు పాడాలి? ముస్లింలే పాడుకోవాలా? పీర్ల పండగ నేర్పిన ఊళ్లు ఆ మాట అనకూడదు.

క్లైన్ పుట్టింది 1919లో, డిసెంబర్ 6న. మాకు ఆ తేదీ వేరే కారణాన గుర్తుంటుంది. 1992 తర్వాత ఏటా ఆ రోజున ముస్లిం కవులకు పిలుపులొస్తాయి. వేదిక మీద మసీదు గురించి చదవాలి, సభ తల దించుకోవాలి. మిగతా 364 రోజులూ మా ప్రేమ కవితలూ, వంటిళ్లూ, వెక్కిరింతలూ, దక్కనీ ముచ్చట్లూ ఎవరికీ పట్టవు. అస్తిత్వమంటే గాయం మాత్రమే కాదు, గాయం కాకముందున్న ఒళ్లు కూడా.

కాబట్టి సంస్మరణ కచేరీలు ఆపమని నేననను. జనవరి 27న క్లైన్‌ను తలుచుకోండి. కానీ ఏ జూలైలోనో, ఏ సందర్భమూ లేని సాయంత్రం, బీథోవెన్ పక్కన పెట్టి అతన్ని వాయించండి. బాగుంటే బాగుందనండి, బాగోకపోతే లోపం చెప్పండి. చచ్చిపోయిన కళాకారుడికి జాలి కన్నా ఆ మాట గౌరవం. బతికున్నవాళ్లం మేమడిగేదీ అదే.