చూరు కింద నుంచి బయటికి

శంకర్‌పల్లి వైపు నుంచి జన్వాడకు వచ్చే రోడ్డు మీద వాన పట్టుకుంటే తలదాచుకునే చోటు దొరకడం కష్టం. గోడలకు కొదవ లేదు. ఫామ్‌హౌస్‌ల గోడలు, వెంచర్ల గోడలు, వాటికి ఏనుగు పట్టేంత గేట్లు. ఏం లాభం, గోడకు చూరుండదు. పాత పెంకుటింటి ముందు అరుగూ, దాని మీదికి వాలిన చూరూ ఆ ఇంటివాళ్లకే కాదు, దారిన పోయేవాళ్లకూ అక్కరకొచ్చేవి. ఇప్పుడు మిగిలినవి బస్‌ షెల్టరు, పెట్రోల్‌ బంకు, రేకుల కింద చాయ్‌ దుకాణం. మబ్బు కమ్మిందంటే ఒంటరిగా దూరాలు సైకిల్‌ తొక్కేవాడి కళ్లు వీటి కోసమే వెతుకుతుంటాయి.

ఈ వానాకాలం ఒక రోజు బీదర్‌ నుంచి తెల్లవారకముందే బయల్దేరి జహీరాబాద్‌, సదాశివపేట, మోమిన్‌పేటల మీదుగా ఒక్కణ్ణే వస్తున్నాను. సదాశివపేట దాటాక ముసురు పట్టింది. గాలివాన అయితే దబదబా కొట్టి పోతుంది, అరగంట ఎక్కడో నిలబడితే సరి. ముసురుకు ఆ మర్యాద లేదు. శంకర్‌పల్లి చేరేసరికి జాకెట్‌ బయట వాన, లోపల చెమట. జన్వాడ దగ్గర చాయ్‌ దుకాణం కనబడితే ఆగాను. "జర కూసోండ్రి సార్‌, తగ్గినంక పోదురుగని" అన్నాడు దుకాణం పెద్దాయన. ప్రేమతో అన్న మాటే. నడిచి వచ్చినవాడికైతే మంచి సలహా కూడా. సైకిల్‌ మీద తడిసి వచ్చినవాడికి మాత్రం అది చలిజ్వరానికి దారి.

ఎందుకంటే తొక్కుతున్నప్పుడు ఒంట్లో పుట్టే శక్తిలో పావు వంతు కూడా సరిగ్గా పెడల్‌కు చేరదు. మిగిలిందంతా వేడిగా మారుతుంది. ఎండాకాలం మనల్ని చంపేది ఆ వేడే, వానలో కాపాడేదీ అదే. ఆగామా, పొయ్యి ఆరినట్టే. ఒంటికి అంటుకున్న నీళ్లు మాత్రం తమ పని ఆపవు. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే వానలో మూడు గంటలు తొక్కినా వణకని మనిషి, చూరు కింద పది నిమిషాలు నిలబడగానే చాయ్‌ గ్లాసు పట్టుకోలేడు. వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ వేళ్లతోనే మళ్లీ బ్రేకు పట్టాలి.

నేను పాటించేది ఇంతే: ఇంకా తడవకపోతే ఆగు, పూర్తిగా తడిస్తే ఆగకు. ఆగక తప్పకపోతే నిలబడే చాయ్‌ తాగి, బెల్లమో అరటిపండో నోట్లో వేసుకుని కదులు. రాసినంత తేలిక కాదిది. రేకుల మీద వాన చప్పుడు వింటూ, పొయ్యి సెగ కాళ్లకు తగులుతుంటే, చల్లబడిన సీటు మీద మళ్లీ కూర్చోమని ఎవరు చెబుతారు? నలుగురు కలిసి పోతే ఒకడైనా "పదండి" అంటాడు, మిగతావాళ్లు వాణ్ని తిట్టుకుంటూ లేస్తారు. ఒంటరి ప్రయాణంలో ఆ ఒకడి పనీ మనదే, తిట్టుకునేవాళ్ల పనీ మనదే. ఎత్తు ఎక్కడం కంటే ఎదురుగాలి కంటే నాకు ఇదే బరువు.

దూరం తొక్కేవాళ్ల బ్రెవేలలో, అంటే గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిల్‌ ప్రయాణాల్లో, ఈ "పద" అనే పనిని గడియారం చేస్తుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు. ఎండా వానా లెక్కలోకి రావు. హైదరాబాద్‌లోనూ వీటిని ఇష్టంగా తొక్కేవాళ్లున్నారు. వీటన్నిటికీ పెద్దన్న 1891లో మొదలైన పారిస్‌-బ్రెస్ట్‌-పారిస్‌, 1200 కిలోమీటర్లు. 2007లో అది దాదాపు ఆసాంతం వానలోనే సాగింది. బయల్దేరినవాళ్లలో పదికి ముగ్గురు లెక్కన మధ్యలో వదిలేశారు. రోడ్డు మీద వదిలేసిన వాళ్లు తక్కువే అయ్యుంటారని నా అనుమానం. వెచ్చని హాల్లో వేడి సూప్‌ తాగి, బెంచీ మీద కాసేపు వాలి, లేవలేకపోయినవాళ్లే ఎక్కువ ఉంటారు.

ఆగకు అన్న మాట ఉరుములకు వర్తించదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టాలి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపే ఉరిమిందంటే పిడుగు మన దరిదాపుల్లోనే ఉన్నట్టు. గట్టి కప్పున్న ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణె వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన, పిడుగుల గురించి ముందే హెచ్చరించే దామిని యాప్‌ కూడా ఫోన్‌లో ఉంచుకుంటే మంచిది. చేవెళ్ల దారిలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మొయినాబాద్‌ నుంచి మన్నెగూడ వైపు రోడ్డుకిరువైపులా వందల మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో నాటినవంటారు, వాటిని కాపాడమని హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లినవాళ్లున్నారు. ముసురులో వాటి కింద తొక్కుతుంటే సగం వాన ఆకులే తాగేస్తాయి. అదే మే నెల గాలివానలో, ఉరుముతున్నప్పుడు, వాటి కింద నిలబడటమంత పొరపాటు ఇంకొకటి లేదు.

ఆ రోడ్డు మీద వానలో చెట్ల కంటే వెనక వచ్చే టిప్పర్లకే నేను ఎక్కువ భయపడతాను. ఇరుకు రోడ్డు, పక్కన దిగితే బురద. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు బస్సును గుద్దిన ఘోరం తర్వాత ఆ భయాన్ని ఎవరికీ వివరించాల్సిన పని లేదు. అందుకే వాన రోజు పట్టపగలైనా వెనక లైటు వెలగాల్సిందే. తెల్ల పెయింటు గీతలు, స్పీడ్‌ బ్రేకర్ల మీద పసుపు పట్టీలు సబ్బులా జారతాయి. వాటి మీద బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. నీళ్లు నిలిచిన చోట గుంత లోతు తెలీదు కాబట్టి ముందు పోయిన బండి ఎంత కుంగిందో చూసి పోవాలి. లోలెవల్‌ వంతెన మీద నీళ్లు పారుతుంటే మాత్రం వెనక్కి తిరగడమే. గండిపేట, హిమాయత్‌సాగర్‌ కట్టిందే 1908 మూసీ వరద తర్వాత. ఈ నేల మీద నీళ్లు ఎంత త్వరగా మాట మారుస్తాయో ఆ రెండు కట్టలను చూస్తే చాలు.

చాయ్‌ తాగుతుంటే కూలికి పోయే ఆడవాళ్లు ఐదారుగురు వచ్చి నిలబడ్డారు. నెత్తి మీద యూరియా సంచులు, ఒక మూలను లోపలికి మడిచి కొప్పెర పెట్టుకున్నారు. వీపంతా కప్పుతుంది, ముందువైపు తెరిచి ఉంటుంది, చేతులు ఆడతాయి, గాలి ఆడుతుంది. నా ఖరీదైన జాకెట్‌లో లేనిది ఆ గాలే. ఇంతకుముందు ఇదే కొప్పెర గొంగడితో పెట్టేవారు. దక్కను గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసింది. ఉన్ని తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు. నూలు బనీను తడిస్తే అదే చలి అవుతుంది. నేను లోపల పలుచని ఉన్ని బనీను వేసుకుంటాను, వేసవిలో జనం నవ్వినా సరే.

"గీ వానల యాడికి బిడ్డా?" అంది వాళ్లలో పెద్దామె. హైదరాబాద్‌ అన్నాను. "మరి నడువు, పొద్దుగూకుతది" అంది. నాక్కావాల్సిన "పద" అదే. డబ్బులిచ్చి లేచాను. మొదటి కిలోమీటరు ఎప్పుడూ అన్యాయంగానే ఉంటుంది. పళ్లు టకటకలాడతాయి. ఆ తర్వాత తొడల్లోంచి వేడి మెల్లగా పైకి పాకుతుంది. కొల్లూరు వైపు తిరిగితే ఔటర్‌ రింగు రోడ్డు పక్కన సోలార్‌ పలకల కప్పున్న సైకిల్‌ ట్రాక్‌ ఉంది, 2023లో తెరిచారు. చుక్క పడకుండా తొక్కొచ్చు. ఇంత తడిశాక ఇక కప్పెందుకని గండిపేట వైపే పోయాను.

ఇంటికొచ్చాక ముందు గొలుసు సంగతి చూడాలి. వాన కడిగేసిన గొలుసు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కిరసనాయిల్‌ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, లింకు లింకుకూ చుక్క నూనె. బూట్లలో పాత పేపరు కుక్కి రెండు గంటలకోసారి మార్చాలి. నిగనిగలాడే రంగుల సప్లిమెంటు పనికిరాదు, నీళ్లు పీల్చదు. ఇలాంటి కాలమ్‌లు వేసే మామూలు కాగితమైతే పొద్దుటికల్లా బూట్లను పొడిబారుస్తుంది.