అవతలివాళ్ల మనసు మార్చు ప్రభువా

శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన మనవులు చదువుతుంటే నేను చెవులు రిక్కించి వింటాను. జ్వరాలు, ఉద్యోగాలు, వీసాలు అయ్యాక తెగిన బంధాలు వస్తాయి. అన్న మాట్లాడటం లేదు, కోడలు పుట్టింటి నుంచి రాలేదు, స్నేహితుడు ఫోనెత్తడం లేదు. కోరిక మాత్రం దాదాపు ఒకటే: అవతలివాళ్ల మనసు మార్చు ప్రభువా. రాసినవాళ్ల మనసు సంగతికి ఆ చీటీలో చోటుండదు.

ఆదికాండము 32లో యాకోబు చేసిన ప్రార్థన నాకిష్టం. అన్నకు దక్కాల్సిన ఆశీర్వాదం కొట్టేసి పారిపోయినవాడు 20 ఏళ్ల తర్వాత ఇంటిదారి పట్టాడు. ఆ అన్న ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడని కబురందగానే హడలిపోయాడు. ఒట్టి చేతికర్రతో యొర్దాను దాటినవాణ్ణి, నీ దయకు తగను, మా అన్నంటే భయంగా ఉంది, తల్లులనూ పిల్లలనూ చంపేస్తాడేమో అని దేవుడి ముందు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. తను చేసిన మోసం మాట మాత్రం ఎత్తలేదు, గమనించారా? ఆ సంగతి నోటితో రాలేదు గానీ మందల రూపంలో వచ్చిందనుకుంటాను. మేకలు, గొర్రెలు, ఆవులు, గాడిదలు, పాడి ఒంటెలు కలిపి 550, ఒంటె పిల్లలు అదనం. అన్నీ ముందుగా అన్నకు పంపాడు. ఎదురుపడ్డాక ఏడుసార్లు నేలకు వంగాడు. మన ఇళ్లలో తగాదా తీర్చుకోడానికి అందులో పదోవంతు ఖర్చుపెట్టేవాళ్లెవరు చెప్పండి.

మా అమ్మకూ పెద్దమ్మకూ పొలం గట్టు దగ్గర చెడింది. తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. అయినా రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ పెద్దమ్మ పేరు పెట్టి, ఆవిడ మోకాళ్ల నొప్పి తగ్గించమని అడిగేది. గట్టు ఊసే రాదు. పిల్లలం కళ్లు సగం తెరిచి ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్లం. పగలు ఆవిణ్ణి ఆడిపోసుకోవడం మానలేదులెండి. కాకపోతే రాన్రానూ ఆ మాటల్లో పదును తగ్గింది.

మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో సమాధానపడే పనికి చేతులతో చేసే పద్ధతి ఒకటుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివాళ్లు ఒక్క సంఘమయ్యారు. 1950లో వచ్చిన సంస్కారపు ఆరాధన క్రమంలో, రొట్టె విరవకముందే సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించుకోవాలని పెట్టారు. కుడి అరచేతిని ఎదుటివాళ్ల కుడి అరచేతికి ఆనించి, ఎడమచేత్తో పైనుంచి మూయాలి. కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారం నుంచి తీసుకున్నారు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందెళ్లి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో యేసు చెప్పింది ఆదివారం ఆదివారం గుర్తుచేసే పద్ధతి ఇది. పెద్దమ్మ అమ్మ పక్కనే కూర్చున్న ఆదివారాలు చెయ్యి చాచక తప్పేది కాదు. "చెయ్యిచ్చావు గానీ మొహం చూశావా?" అని నాన్న ఎకసెక్కెం. కొన్నాళ్లకు మొహమూ చూసింది. గట్టు తగాదా మాత్రం సర్వేయరు వచ్చి కొలిస్తేగానీ తేలలేదు.

అయితే భర్త చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడబిడ్డను, ప్రార్థన చేసుకో అమ్మా, ఆయనే మారతాడు అని మళ్లీ ఆ గడపకే పంపే పాస్టర్లను చూశాను. దాన్ని సమాధానం అనడానికి నాకు నోరు రాదు. క్షమిస్తే వెళ్లి మళ్లీ అదే ఇంట్లో ఉండి తీరాలని బైబిలు ఎక్కడా అనలేదు. యాకోబునే చూడండి. అన్నదమ్ములు మెడలు పట్టుకుని ఏడ్చారు, ముద్దుపెట్టుకున్నారు. కలిసి వెళ్దాం రమ్మని ఏశావు అడిగితే, పిల్లలు పసివాళ్లు, మెల్లగా వస్తానని తమ్ముడు వెనకబడ్డాడు. అన్న శేయీరుకు, తమ్ముడు సుక్కోతుకు వెళ్లిపోయారు. తండ్రి ఇస్సాకు పోయినప్పుడు ఇద్దరూ కలిసే సమాధి చేశారు.

అయ్యగార్లకు నా మనవి ఒకటే. అలాంటి ఆడబిడ్డ మీ దగ్గరికి వస్తే తప్పకుండా మోకాళ్లూని ప్రార్థించండి. లేచాక 181 హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, 2005 గృహహింస చట్టం కింద మీ జిల్లా రక్షణాధికారి ఎక్కడుంటారో చెప్పి, అవసరమైతే వెంటబెట్టుకుని వెళ్లండి.