ఏర్ అంటే నీళ్లు

ఓ గోండీ పాటా! ఆదిలాబాద్ గుట్టల గుండెలో గూడు కట్టుకున్న గువ్వా! కిక్రి తీగ మీద కమాను కదిలితే చాలు, కన్ను తెరిచే కారడవీ! నిన్ను చదువుకుందామని వచ్చాను. సంచి నిండా సిద్ధాంతాలు, చెవుల నిండా పట్నం హోరు, నాలుక చివర పర్యావరణమనే పెద్ద మాట. ఆ మాట కోసం నీ చరణం చరణం గాలించాను. చెట్టు దొరికింది, చెట్టుమీది పిట్ట దొరికింది, పిట్ట వాలిన గుట్ట దొరికింది, గుట్ట గర్భంలోని వేల్పు దొరికాడు. వాటన్నిటినీ మూటకట్టి మనిషికి అవతల నిలబెట్టే ఆ మాట మాత్రం దొరకలేదు. సిగ్గుపడి దాన్ని సంచిలోనే ఉంచేశాను.

తొలిరోజే నన్ను ఓడించావు తల్లీ. మరా అన్నావు, మా తెలుగు మాను పులకించింది. ఇరుప్ అన్నావు, మా ఇప్ప పూత గుప్పుమంది. పుంగార్ అన్నావు, మా పువ్వు తన పుట్టింటి పేరు విన్నట్టు తలెత్తింది. ఏర్ అన్నావు. ఏర్ అంటే నీళ్లట! మా ఏరు రెండు గట్ల నడుమ పారేది, మండు వేసవిలో ఇసుకై మిగిలేది. నీకు వాగులోదీ ఏరే, కుంటలోదీ ఏరే, కడవలోదీ ఏరే, దప్పిగొన్నవాడి దోసిట్లోదీ ఏరే. ఇన్నేళ్లూ నా నోట్లో నీ నీళ్లు మోసుకు తిరుగుతూ పరాయి భాష నేర్చుకోవడానికి బయలుదేరానా నేను!

నీ దేవుడు లింగో పుట్టుకను ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. పహిందీ మొగ్గ విచ్చుకుంటే పుట్టిన పసివాడు! మేడిచెట్టు తేనె బొట్లు నోట్లో రాలితే పెరిగిన పసివాడు! బిందో పక్షి పిల్లలను మింగ వచ్చిన నాగును అతడు నరికితే, ఆ పక్షులు అతణ్ని మోసుకుపోయాయి, ఎండ తగలకుండా పైన రెక్కలు పరిచాయి. దేవుడికి పిట్ట పట్టిన గొడుగు! ఏ పురాణంలో చూశాను ఇంత చల్లని నీడ? ఈ కథను కాగితం మీదికెక్కించిన హిస్లాప్ అనే మిషనరీని 1863లో పొంగిన నీళ్లే మింగాయి. ఆయన రాతలు 1866లో గానీ పుస్తకమై వెలుగు చూడలేదు. నిన్ను పట్టుకున్న చేతిని నీ ఏరే పట్టుకుపోయిందా అని, చదువరిగా అనుకోకూడనిదే, ఒక్కోసారి అనుకుంటాను.

పుస్తకంలో నువ్వు అందంగానే ఉంటావు, ఆరబెట్టిన ఇప్పపూవులా. తడి మాత్రం నిన్ను పాడే ప్రధాన్ గొంతులో ఉంది. అతడి ఇంటి మాట మరాఠీ, అతడి పాట గోండీ. ఇంట్లో ఒక భాషలో ఆకలి చెప్పుకుని, దాత గడపలో ఇంకో భాషలో అడవిని మేల్కొలిపే ఆ గొంతుకు ఏ విశ్వవిద్యాలయం పట్టా సరితూగుతుంది? దండారి ఆటలో గుస్సాడి వేషగాడి తలమీద నెమలీకలు ఊగుతుంటే, గూడెమంతా ఒక్క పురివిప్పి ఆడుతుంటే, అక్కడ పుట ఎక్కడ, పాఠం ఎక్కడ, అంచున గీసుకునే గీత ఎక్కడ? గుంజాలలో దొరికిన నీ లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. సంతోషమే. అక్షరాలు నీకు ఆభరణాలు. అవి లేనినాడూ నువ్వు పెళ్లికూతురివే.

పుష్యమాసపు చలిలో గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి దాకా నడుస్తారు. హస్తలమడుగులో ముంచిన నీళ్లను కేస్లాపూర్‌లోని నాగదేవుడు నాగోబా కోసం కాలినడకన తెస్తారు. దారంతా దుమ్ము, దారంతా భక్తి, దారంతా మంచుపొరల కింద మసకగా మెరిసే టేకు ఆకులు. అంత పెద్ద నదిలోంచి మోసుకురాగలిగింది ఒక్క ఝరి పాత్ర నిండుగా! నా నోటుబుక్కు వైపు చూసుకున్నాను. నేను రాసుకున్నది ఆ ఝరి మూతికి అంటిన తడైనా కాదు.

కేస్లాపూర్ మర్రి కింద పొయ్యిలు రాజుకున్నాయి. పొగ కొమ్మల్లోకి పాకింది, పాట పొగలోకి పాకింది. అర్థంకాని మాటలు అర్థమైన మాటల చేయి పట్టుకుని నా ముందునుంచి ఊరేగింపుగా సాగిపోయాయి. రాయడం మానేశాను. గొంతు ఎండిపోయిందని ఎలా కనిపెట్టిందో, పక్కన కూర్చున్న అవ్వ లోటా నా చేతికిచ్చింది.

"ఏర్," అంది.

పాట ఆగలేదు. రెండు చేతులా పట్టుకుని తాగాను.