ఒక కుక్క హత్య - ఒక బాలుని తర్కము

ఆంగ్ల రచయిత మార్క్ హాడన్ 2003లో ప్రకటించిన ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్‌టైమ్’ పైకి అపరాధ పరిశోధక నవల. ఇంగ్లండులోని స్విండన్ పట్టణములో ఒక రాత్రి పొరుగింటి కుక్కను ఎవరో చంపుదురు. పదిహేనేండ్ల క్రిస్టఫర్ హంతకుని పట్టుకొనబూని, ఆ పరిశోధనను తానే వ్రాయును. అధ్యాయములకు 2, 3, 5, 7, 11 అని వరుసగా ప్రధాన సంఖ్యలే వేయును. ఇతరుల ముఖము చూచి మనసు గ్రహించుట అతనికి కష్టము. ఎవరైన తాకిన సహింపలేడు. ఈ లక్షణములను బట్టి చదువరులు అతనికి ఆటిజము కలదని గుర్తింతురు. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము.

విద్యార్థులకు ఇందు మిక్కిలి రుచించునది ‘మాంటీ హాల్ సమస్య’. మూడు తలుపులు కలవు. ఒకదాని వెనుక కారు, రెండింటి వెనుక మేకలు. మీరొక తలుపు కోరుకొందురు. కారు ఎచటనున్నదో ఎరిగిన నిర్వాహకుడు, తక్కిన రెండింటిలో మేకయున్న తలుపొకటి తెరచి, కోరిక మార్చుకొందురా యని అడుగును. మూసినవి రెండే గనుక అవకాశములు సమానమని మనకు తోచును. అది సరికాదు. మొదటి కోరిక సరియగుటకు అవకాశము మూడింట ఒకటి, తప్పగుటకు మూడింట రెండు. తప్పైనప్పుడెల్ల కారు ఆ మిగిలిన తలుపు వెనుకనే యుండును. కావున మార్చుకొన్నచో గెలుపు అవకాశము రెట్టింపగును. తోచినదెల్ల నిజము కాదని క్రిస్టఫర్ వాదము.

కాని తర్కమునకు ఆధారములు కావలెను. ఇంటి పెద్దలే నిజము దాచినపుడు అతడేమి చేయగలడు? హంతకుడెవరో తెలిసిననాడు అతనికి ఇంటిపైనే నమ్మకము పోవును. ఒంటరిగా రైలులో లండను చేరినపుడు స్టేషనులోని ప్రకటనల అక్షరములన్నియు ఒక్కుమ్మడిగా మీదపడి అతనిని కలచివేయును. మనము చూడక వదలునవన్నియు చూచుటయే అతని బలము, బాధయు. నవలలో శ్రేష్ఠమైన ఘట్టమిదే.

ఆటిజము గలవారెల్లరు గణితములో దిట్టలను అపోహ ఈ గ్రంథమువలన కలుగవచ్చును. అట్టి అసాధారణ శక్తి కొందరికే యుండును. కొందరికి మాటలే రావు. తాను ఈ విషయమున నిపుణుడను కానని హాడనే చెప్పియున్నాడు.

నవలలోని ఉపాధ్యాయిని షివాన్ ఇతరుల మాటల భావమును క్రిస్టఫర్‌కు విడమరచి చెప్పి, అతనిని వ్రాయ ప్రోత్సహించును. పిలిచినను తలయెత్తని విద్యార్థిని గూర్చి మనకు మొదట తోచినదియు, ఆ మూడు తలుపుల లెక్కవలె, మరల సరిచూడదగినది.